ఢాకా ఫైనల్, యూపియా ఫైనల్: సిరొంచ ఒడ్డు నుంచి

దక్షిణాసియా దేశాల కుర్రజట్లకు శాఫ్ సమాఖ్య నడిపే ఫుట్‌బాల్ పోటీల్లో రెండు ఫైనళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి 2024 ఫిబ్రవరి 8న ఢాకాలో జరిగిన అండర్-19 అమ్మాయిల ఫైనల్. రెండోది 2025 మే 18న అరుణాచల్ ప్రదేశ్‌లోని యూపియాలో జరిగిన అండర్-19 అబ్బాయిల ఫైనల్. రెండింటిలోనూ తలపడింది భారత్, బంగ్లాదేశే. రెండింటిలోనూ భారత్ ముందు గోల్ కొట్టింది, బంగ్లాదేశ్ సమం చేసింది, స్కోరు 1-1 దగ్గర ఆగి పెనాల్టీల దాకా పోయింది. కాగితం మీద రెండూ ఒకే మ్యాచ్. ఆ పిల్లలు అక్కడిదాకా వచ్చిన దారులు మాత్రం వేరు. నాకు ఆ దారులతోనే పని.

ఎందుకంటే నేను వీటిని చూసేది సిరొంచ నుంచి. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస మాది. ఇటు ప్రాణహిత, గోదావరి కలిసేది మా ఎదుటే. అటు కిందికి పోతే సోమనూర్ దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో పడుతుంది. నది దాటితే కాళేశ్వరం, అది తెలంగాణ. ఇంద్రావతి దాటితే భోపాలపట్నం, అది ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఈ రెండింటితో పాటు మాడియా, గోండీ. మూడు రాష్ట్రాలు కలిసే ఇలాంటి చోట పుట్టిన పిల్లకో పిల్లాడికో దేశం చొక్కా వేసుకునే దారి ఎక్కడ మొదలవుతుంది? ఢాకా, యూపియా ఫైనళ్లు ఈ ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు చెప్పాయి.

ముందు ఢాకా. ఆ పోటీలో నాలుగే జట్లు: బంగ్లాదేశ్, భారత్, నేపాల్, భూటాన్. లీగ్ దశలో భారత్ భూటాన్‌పై 10-0తో, నేపాల్‌పై 4-0తో గెలిచింది. బంగ్లాదేశ్ చేతిలో మాత్రం 0-1తో ఓడింది. ఫైనల్లో ఎనిమిదో నిమిషానికే సిబానీ దేవి గోల్ కొట్టింది. ఆ ఒక్క గోల్‌నే భారత్ ఆట పొడుగునా కాచుకుంది. ఇంజురీ టైమ్‌లో, ఇక అయిపోయిందనుకుంటున్న వేళ, సాగరిక సమం చేసింది. ఆ తర్వాత పెనాల్టీలు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది, ఇద్దరు గోల్‌కీపర్లతో సహా ఒక్కరు కూడా తప్పలేదు. 11-11. పంతొమ్మిదేళ్లలోపు ఆడపిల్లలు, ఇంటి జట్టు కోసం అరిచే జనం మధ్య, ఇరవై రెండు సార్లు వరుసగా బంతిని గోల్‌లోకి పంపారు. ఆ ఏడాది ఈ ప్రాంతంలో జరిగిన ఆటలన్నిటిలో ఇంతటి గుండెధైర్యం నేను చూడలేదు.

ఇక్కడే పెద్దవాళ్లు ఆటను పాడుచేశారు. నియమం చాలా తేలిక. అందరూ ఒకసారి కొట్టాక మళ్లీ మొదటి నుంచి కొడతారు, తేలేదాకా కొడతారు. కానీ మ్యాచ్ కమిషనర్ కెప్టెన్లను పిలిచి నాణెం ఎగరేయించాడు. భారత కెప్టెన్ నీతూ లిండా టాస్ గెలిచింది, భారత్‌ను విజేతగా ప్రకటించారు, మన అమ్మాయిలు పండగ చేసుకున్నారు. బంగ్లాదేశ్ అమ్మాయిలు మైదానం వదలలేదు. గ్యాలరీల నుంచి సీసాలు పడ్డాయి. నాణెంతో తేల్చడం పోటీ నిబంధనల్లో లేదని ఆ తర్వాత గుర్తించి, మళ్లీ పెనాల్టీలు కొట్టించాలనుకున్నారు. అప్పటికే మైదానం విడిచిన భారత జట్టు తిరిగి రాలేదు. చివరికి రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించి తలుపులు మూశారు.

కప్పు పంచుకోవడంలో తప్పు లేదు. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువ ఫుట్‌బాల్ పోటీలో భారత్, ఇరాన్ ఫైనల్ 2-2తో ముగిస్తే ఇద్దరికీ కలిపే ఇచ్చారు. ఆ భారత జట్టుకు కెప్టెన్ మన హైదరాబాద్ కుర్రాడు షబ్బీర్ అలీ. 1978లో అదే పోటీ ఢాకాలో జరిగినప్పుడు ఇరాక్, దక్షిణ కొరియా 1-1తో ఆగిపోయి కప్పు పంచుకున్నాయి. అప్పటి పంపకం పోటీ పద్ధతి ప్రకారం జరిగింది, ఎవరికీ అన్యాయం అనిపించలేదు. 2024లో మాత్రం పిల్లలు తప్పకుండా చేసిన పనిని నాణెం చేతికి ఇచ్చి, ఆ నాణెం తప్పని తేలాక ముఖం చెల్లక పంచారు. పెద్దల ఫుట్‌బాల్‌లో కూడా 1968 యూరో సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ మ్యాచ్‌ను నాణెంతోనే తేల్చారు. ఆ అన్యాయం చూశాకే 1970లో పెనాల్టీల పద్ధతిని నియమాల్లో చేర్చారు. అర్ధశతాబ్దం కిందట వదిలేసిన పనిని పిల్లల మీద మళ్లీ ప్రయోగించడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

యూపియాలో అలాంటి రభస లేదు. గోల్డెన్ జూబిలీ స్టేడియం నిండిపోయింది. పోటీకి ఆరు జట్లు వచ్చాయి. భారత్ శ్రీలంకను 8-0తో, నేపాల్‌ను 4-0తో, సెమీస్‌లో మాల్దీవులను 3-0తో దాటి వచ్చింది. ఫైనల్ రెండో నిమిషంలోనే కెప్టెన్ సింగమయుమ్ శామి దూరం నుంచి ఫ్రీకిక్‌తో గోల్ చేశాడు. రెండో సగంలో బంగ్లాదేశ్ సమం చేసింది. పెనాల్టీల్లో 4-3తో భారత్ గెలిచింది. కోచ్ బిబియానో ఫెర్నాండెజ్ పేరు కొన్నేళ్లుగా కుర్రజట్లతో ముడిపడి ఉంది, ఆ అనుభవం జట్టు కుదురులో కనిపించింది. నిర్వహణలో యూపియాకు పూర్తి మార్కులు ఇవ్వాలి. ఢాకాకు ఇవ్వలేను.

అయితే యూపియాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్కోరు కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీ జరగడం అదే మొదటిసారి. చైనా, భూటాన్, మయన్మార్ సరిహద్దులున్న రాష్ట్రం అది. దానికి ఏడాది ముందే, 2024 మార్చిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడే ఆడించారు. స్టేడియం కట్టి తాళం వేయకుండా, ముందు దేశీ పోటీ, తర్వాత అంతర్జాతీయ పోటీ అని ఒక క్రమంలో పోయారు. అరుణాచల్ కుర్రాడు ఒమాంగ్ డోడుమ్ ఆ భారత జట్టులో ఉన్నాడు, ఆ పోటీలో గోల్ కూడా కొట్టాడు. గ్యాలరీలో కూర్చున్న పదేళ్ల పిల్లలకు తమ భాష మాట్లాడే అన్న నీలం చొక్కాలో పరుగెత్తడం కనబడింది. ఇంతకు మించిన శిక్షణ శిబిరం ఏముంటుంది?

ఇప్పుడు వెనక్కి, ఆ పిల్లల ఊళ్లకు పోదాం. పోలికలో అసలు బరువు ఇక్కడే ఉంది.

ఢాకాలో చివరి నిమిషంలో గోల్ కొట్టిన సాగరిక ఠాకూర్‌గావ్ జిల్లా రాణీశంకైల్ దగ్గర రాంగాటుంగి అనే పల్లె నుంచి వచ్చింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దును ఆనుకున్న జిల్లా అది. ఆ పల్లెలో ఒక అధ్యాపకుడు పెట్టిన అమ్మాయిల అకాడమీలో ఆట నేర్చుకుంది. తండ్రిది టీ దుకాణం. మొదట్లో కూతురు ఆడడం ఆయనకు ఇష్టం లేదు. ఈ ఒక్క అమ్మాయే అయితే ఏదో అదృష్టం అనుకోవచ్చు. కానీ ఆమెకంటే ముందు కల్సిందూర్ ఉంది.

కల్సిందూర్ మైమన్‌సింగ్ జిల్లాలో, మేఘాలయ కొండలకు దగ్గరగా ఉన్న మారుమూల పల్లె. గారో ఆదివాసులు, ముస్లింలు, హిందువులు కలిసి ఉండే ప్రాంతం. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల అమ్మాయిలు ప్రాథమిక బడుల జాతీయ కప్పును 2013, 2014, 2015లో వరుసగా మూడుసార్లు గెలిచారు. వాళ్లకు బంతి పట్టుకోవడం నేర్పింది అక్కడి బడి పంతులే. మారియా మాండా, సంజీదా అక్తర్, తహురా ఖాతూన్, శిఉలి ఆజిమ్ లాంటి జాతీయ జట్టు పేర్లు ఒక్క ఆ బడి చుట్టుపక్కల నుంచే వచ్చాయి. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌లో జరుగుతున్న ఏఎఫ్‌సీ అండర్-14 అమ్మాయిల ప్రాంతీయ పోటీ ఫైనల్‌కు ముందు భూకంపం వచ్చింది. అదే ఫైనల్‌ను డిసెంబరులో ఖాట్మండులో ఆడించారు. నేపాల్‌ను వాళ్ల గడ్డ మీదే 1-0తో ఓడించిన ఆ బంగ్లాదేశ్ జట్టులో కల్సిందూర్ అమ్మాయిలు చాలామంది. మరుసటి ఏడాది తజికిస్తాన్‌లో అదే పోటీ ఫైనల్లో వాళ్లు మనల్ని 4-0తో ఓడించారు. ఈ గెలుపుల తర్వాతే ఆ ఊరికి కరెంటు వచ్చింది. ఆటగత్తెలు అడిగి సాధించుకున్నారు.

దీని వెనక ఉన్న ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం కంటే అసూయ ఎక్కువ కలుగుతుంది. బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రాథమిక బడుల ఆడపిల్లల కోసం బంగమాత పేరుతో ఒక కప్పు పెట్టింది. 60 వేలకు పైగా బడులు ఆడే పోటీ అది. యూనియన్, ఉపజిల్లా, జిల్లా, విభాగం, చివరికి ఢాకా. అంటే మొదటి మెట్టు పల్లె బడి గేటు ముందే ఉంది. పదేళ్ల పిల్ల ఆడిన మొదటి ఆట చూడడానికి ఎవరూ బస్సు ఎక్కనక్కరలేదు. ఆ మెట్టెక్కి వచ్చిన వాళ్లలోంచే వయసు జట్లు తయారయ్యాయి.

భారత్ దారి ఇంకోటి. మన కుర్రాళ్ల దారి అకాడమీల మీదుగా పోతుంది. చిన్న వయసులోనే ఎంపిక చేసి, ఇల్లు విడిపించి, హాస్టల్లో ఉంచి, వృత్తి క్లబ్బుల పద్ధతిలో పెంచుతారు. శామి పంజాబ్ క్లబ్బు నుంచి వచ్చాడు, యూపియా జట్టులో మణిపురి పేర్లు ఎక్కువ. ఈ దారిలో ఫలితం లేదనను. అబ్బాయిల్లో 2019 నుంచి 2025 దాకా భారత్, బంగ్లాదేశ్ ఫైనల్లో కలిసినప్పుడల్లా గెలుపు మనదే. 2019 అండర్-18, 2022 అండర్-20, 2023 అండర్-16, 2024 అండర్-17, 2025లో అండర్-19, అండర్-17: ఆరు ఫైనళ్లు, ఆరూ మనవే. వీటిలో చివరి రెండూ పెనాల్టీల్లో.

కానీ అమ్మాయిల వైపు చూడండి. అక్కడ పట్టిక తిరగబడుతుంది. 2017 అండర్-15 ఫైనల్లో ఢాకాలో బంగ్లాదేశ్ మనల్ని ఓడించింది. 2021 అండర్-19 కూడా అంతే. 2018 అండర్-18, 2023 అండర్-20 కప్పులు వాళ్లవే. 2024 అండర్-16 పెనాల్టీల్లో వాళ్లు గెలిచారు, 2025 అండర్-20 వాళ్లదే. మనం గెలవలేదని కాదు. 2018లో భూటాన్‌లో అండర్-15, 2022లో జంషెడ్‌పూర్‌లో అండర్-18, 2025లో మళ్లీ భూటాన్‌లోనే అండర్-17 మనవయ్యాయి. అయినా జనాభాలో మనకంటే ఎన్నో రెట్లు చిన్న దేశం, మనకంటే చిన్న ఖజానా ఉన్న దేశం అమ్మాయిల ఆటలో మనతో సమానంగానో ఒక మెట్టు పైనో నిలబడింది. పెద్దల శాఫ్ కప్పును 2022లో, 2024లో రెండుసార్లూ ఖాట్మండులోనే వాళ్లు ఎత్తారు.

ఈ తేడాకు కారణం నాకు స్పష్టంగా కనబడుతోంది. అబ్బాయిల కోసం క్లబ్బులు, అకాడమీలు డబ్బు పెడతాయి, ఎందుకంటే వాళ్లను అమ్ముకునే బజారు ఉంది. అమ్మాయిలకు ఆ బజారు ఇంకా సరిగా లేదు. బజారు లేనిచోట బడి ఒక్కటే దిక్కు. బంగ్లాదేశ్ ఆ బడిని నమ్ముకుంది. మనం నమ్ముకోలేదు. మన దగ్గర కూడా బడి దగ్గర్నుంచి ఎవరో పట్టించుకున్న చోటే అమ్మాయిలు పైకి వచ్చారు. జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి అష్టమ్ ఉరావ్ హజారీబాగ్ హాస్టల్లో పెరిగి 2022 అండర్-17 ప్రపంచకప్‌లో దేశానికి కెప్టెన్ అయింది. ఆమె పేరు మీద వేస్తున్న ఊరి రోడ్డుకు ఆమె తల్లిదండ్రులు కూలికి పోయిన సంగతి అప్పుడు దేశమంతా చదివింది. ఆ ప్రపంచకప్‌లో అమెరికా చేతిలో 0-8తో ఓడారని జట్టును ఎత్తిపొడిచిన వాళ్లున్నారు. ఆ పిల్లల వెనక ఎన్ని బడులు ఆడాయో లెక్కేస్తే ఎత్తిపొడవాల్సింది పిల్లల్ని కాదని తెలుస్తుంది.

మన తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కూడా కాదు. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానంలో నిలిపాడు. ఇవి అందరికీ తెలిసినవే. నాకు ముచ్చటగా అనిపించేది ఇంకోటి. కుర్రాళ్ల కోసం ఆయన పెట్టిన పోటీల నియమాలు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే, అంటే కుడికాలి వాడు ఎడమకాలితోనే కొట్టాలి. పోటీ అంటే కప్పు కోసం మాత్రమే కాదు, పోటీయే పాఠం అని ఆయనకు తెలుసు. పంతులు కాబట్టే తెలుసు. కల్సిందూర్ పంతులుకూ, హైదరాబాద్ పంతులుకూ మధ్య అరవై ఏళ్ల దూరం ఉంది. ఇద్దరూ చేసింది ఒకే పని. 1974లో షబ్బీర్ అలీ లాంటి కుర్రాడు బ్యాంకాక్ దాకా పోగలిగాడంటే, అంతకు ముందు తరం ఆ నగరంలో వేసిన పునాది ఊరికే పోలేదన్నమాట.

ఇక మా ఒడ్డుకు వద్దాం.

సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లు. అందులో ఆళ్లపల్లి దాకా ఉన్న వంద కిలోమీటర్ల అడవి రోడ్డు సంగతి ఆ దారిన పోయిన ఎవరినడిగినా చెబుతారు. బడి ఆటల పోటీలు తాలూకా, జిల్లా, విభాగం, రాష్ట్రం అనే వరుసలో జరుగుతాయి. తాలూకాలో గెలిచిన జట్టు గడ్చిరోలికి, అక్కడ గెలిస్తే నాగ్‌పూర్ విభాగానికి, ఆ పైన రాష్ట్ర పోటీలకు. కాగితం మీద ఇది బంగ్లాదేశ్ వరుసలాంటిదే. తేడా ఎక్కడంటే, మా దగ్గర మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య ఒక రోజు ప్రయాణం ఉంది. పదమూడేళ్ల ఆడపిల్లను తీసుకుపోవాలంటే పంతులమ్మ తోడుండాలి, రాత్రి బస ఉండాలి, తల్లి ఒప్పుకోవాలి. ఈ మూడూ ఒకే రోజు కుదరవు. కుదరని రోజే జట్టు పేరు కొట్టేస్తారు.

తేదీల సంగతి ఇంకా ఘోరం. సుబ్రతో కప్ లాంటి బడి ఫుట్‌బాల్ పోటీల జిల్లా దశ వర్షాకాలం నడిమధ్యలో వస్తుంది. జూలై, ఆగస్టుల్లో ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి మూడూ నిండి పారుతుంటాయి. 2022 జూలై వరదల్లో మా వైపు ఊళ్లు, పొలాలు ఎలా మునిగాయో చూసినవాళ్లకు ఆ నెలలో ఆటల బస్సు మాటెత్తడం కూడా తోచదు. వానలు వెనక్కి తగ్గాక చలికాలంలో నేల గట్టిపడుతుంది, ఆడడానికి అంతకంటే మంచి కాలం ఉండదు. కానీ అప్పటికి పోటీలు అయిపోతాయి. సంక్రాంతి దాటితే మిరపకాయ ఏరడానికి కుటుంబాలు గోదావరి దాటి భూపాలపల్లి, ఖమ్మం వైపు పోతాయి, వెంట పిల్లలూ పోతారు. ఏప్రిల్, మే వస్తే తునికాకు. ముంబైలో, ఢిల్లీలో కూర్చుని గీసిన ఆటల క్యాలెండరులో మా పిల్లలు దొరికే రోజులు లేవు.

మా వైపు ఒక బడిలో బీరువా పైన రెండు ఫుట్‌బాళ్లు చూశాను. ఒకదానికి పైన కట్టిన ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. గాలి కొట్టే పంపు లేదు, సూది లేదు. బంతులు ఇవ్వడం మన ప్రభుత్వాలకు చేతకానిది కాదు. 2017లో కుర్రాళ్ల ప్రపంచకప్ మన దేశంలో జరిగినప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం సెప్టెంబరు 15న ఒకే రోజు పది లక్షల మంది పిల్లలతో ఫుట్‌బాల్ ఆడించాలని సంకల్పించింది. ఆ తర్వాత 2022లో ఫిఫాతో కేంద్రం ఒప్పందం చేసుకుని బడులకు బంతులు పంచింది. మంచి పనులే. కానీ ఒక రోజు పండగ ఆటగాణ్ణి తయారుచేయదు. రెండో రోజు ఎవరితో ఆడాలో చెప్పాలి. మూడో వారం ఏ ఊరితో ఆడాలో చెప్పాలి. కల్సిందూర్‌కు దొరికింది అదే.

డబ్బు లేదు, మనుషులు లేరు అనే మాటకు మా జిల్లాలోనే జవాబు ఉంది. గడ్చిరోలి పోలీసులు వీర్ బాబూరావ్ శెడ్మాకే పేరుతో వాలీబాల్, బిర్సా ముండా పేరుతో కబడ్డీ పోటీలు నడుపుతున్నారు. ముందు ఠాణా స్థాయిలో, తర్వాత ఉపవిభాగంలో, చివరికి జిల్లాలో. లోపలి అడవి ఊళ్ల కుర్రాళ్లు కూడా వచ్చి ఆడతారు. శెడ్మాకే 1858లో చాందాలో ఆంగ్లేయులు ఉరితీసిన గోండు వీరుడు, ఆ పేరు ఇక్కడ గుండెల్లో ఉన్నది. పేరులో మన మనిషి, మొదటి మెట్టు మన ఊరి పక్కనే. జనం వచ్చారు. అదే పద్ధతి ఫుట్‌బాల్‌కు, అందులోనూ ఆడపిల్లలకు, ఎందుకు కుదరదు? ఇదే నాగ్‌పూర్ విభాగంలో విజయ్ బార్సే అనే ఆటల మాస్టారు మురికివాడ పిల్లలతో ఫుట్‌బాల్ జట్లు కట్టి దేశానికి చూపించాడు. ఆయన కథే 2022లో ఝుండ్ సినిమా అయింది. నాగ్‌పూర్ బస్తీలో కుదిరింది సిరొంచ పేటలో కుదరదని ఎవరూ అనలేరు.

నిజామాబాద్ నుంచి మంచిర్యాల, చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి, సిరొంచ మీదుగా, పాతగూడెం దగ్గర ఇంద్రావతి దాటి జగదల్‌పూర్ పోయే 63వ నంబరు జాతీయ రహదారి మా ఊరి గుండానే పోతుంది. ఆ రోడ్డు పోయే నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత సీనియర్ జట్టులో ఆడుతోంది. 2024-25 సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఆ ఏడాది దేశీ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆమె ఉంది. ఒకే రోడ్డు మీద అటు తండా, ఇటు మా తాలూకా. ఆమె పేరు మా పిల్లలకు తెలియదు. తెలుగులో మాట్లాడే, బంజారా ఇంట్లో పుట్టిన అమ్మాయి ఇంత పని చేసిందని మరాఠీ బడి పుస్తకం చెప్పదు, తెలంగాణ పత్రికలు నది దాటి ఇటు రావు. మా పిల్లలు మహారాష్ట్ర సంఘం కింద నమోదు కావాలి. ఎదుటి ఒడ్డున ఉన్న కాళేశ్వరం, మహాదేవపూర్ పిల్లలు తెలంగాణ సంఘం కింద. హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతి పిల్లల్ని మండలాల నుంచి ఎంపిక చేస్తుంది, ఆ మండలాల్లో మాది లేదు. మా రాష్ట్రపు క్రీడా పాఠశాలలైన క్రీడా ప్రబోధినులు మాకు దూరం. దగ్గరున్నవి మావి కావు, మావైనవి దగ్గర లేవు.

బంగ్లాదేశ్ దారిని నెత్తిన పెట్టుకొమ్మని నేను అనడం లేదు. ఆ దారిలో గుంటలు చాలా ఉన్నాయి. 2023లో డబ్బు చాలక బంగ్లాదేశ్ అమ్మాయిల జట్టు ఒలింపిక్ అర్హత పోటీలకు మయన్మార్ పోలేకపోయింది. అదే ఏడాది సీనియర్ జట్టు ప్రధాన ఫార్వర్డ్ సిరత్ జహాన్ స్వప్న చిన్న వయసులోనే ఆట వదిలేసింది. 2025 జనవరిలో పద్దెనిమిది మంది ఆటగత్తెలు కోచ్ కింద ఆడబోమని తిరగబడ్డారు. అదే నెలలో జైపుర్‌హాట్ జిల్లాలో అమ్మాయిల మ్యాచ్‌ను ఆపడానికి మైదానం కంచెను పడగొట్టారు. పల్లెబడి నుంచి పైకి తెచ్చినంత శ్రద్ధగా, పైకి వచ్చాక వాళ్లను నిలబెట్టలేదు. ఆ విషయంలో మన క్లబ్బుల పద్ధతి మెరుగు. జీతం ఉంటుంది, వైద్యం ఉంటుంది, శామిలాంటి కుర్రాడికి పందొమ్మిదేళ్లకే ఆట ఒక ఉద్యోగం. కాబట్టి పైఅంతస్తు మనది బాగుంది, కింది మెట్లు వాళ్లవి బాగున్నాయి. కానీ సరిహద్దు తాలూకాకు ముందు కావలసింది కింది మెట్టు. పైఅంతస్తు ఎంత అందంగా ఉన్నా నేల నుంచి దానికి మెట్లు లేకపోతే మా పిల్లలకు అది చూసి మురిసే ఇల్లే అవుతుంది.

అందుకే నా ఓటు ఢాకా ఫైనల్‌కే. నిర్వహణ చూసి కాదు, ఆ నాణెం చూసి అసలే కాదు. ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టిన ఆ టీ కొట్టు వారి అమ్మాయి ఏ ఊరి నుంచి, ఏ మెట్లు ఎక్కి వచ్చిందో చూసి. యూపియాను గౌరవిస్తాను. సరిహద్దు ఊరికి పోటీని తీసుకుపోవచ్చని అది చూపించింది. అంతకు ముందే సరిహద్దు ఊరి నుంచి పోటీకి పిల్లను తీసుకురావచ్చని రాంగాటుంగి, కల్సిందూర్ చూపించాయి. రెండోది కష్టం, రెండోదే మాకు కావాలి.

దీనికి స్టేడియం అక్కరలేదు. సిరొంచ, కాళేశ్వరం, భోపాలపట్నం చుట్టుపక్కల బడుల మధ్య పన్నెండేళ్లలోపు అమ్మాయిలకు ఒక పోటీ చాలు. గోదావరి మీద కాళేశ్వరం వంతెన ఉంది, ఇంద్రావతి మీద పాతగూడెం వంతెన ఉంది, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. నది పొంగు తగ్గాక, మిరప వలసలు మొదలవకముందు, నవంబరు, డిసెంబరు నెలలు ఖాళీగా ఉన్నాయి. రాష్ట్ర సంఘాల నమోదు వయసు రాకముందు ఆడే పిల్లల ఆట కాబట్టి ఏ రాష్ట్రం చొక్కా అన్న పేచీ కూడా రాదు. మూడు రాష్ట్రాల విద్యాశాఖల నుంచి మూడు ఉత్తర్వులు, ప్రతి బడికి ఒక పంపు, ఒక సూది, ఆడపిల్లల జట్టుకు తోడుపోయే పంతులమ్మకు ఆ రోజు డ్యూటీగా లెక్క. మొదటి ఏడాదికి ఇంతే అడుగుతున్నాను.